కెప్టెన్ విందుకు ధింసా చీర

స్కాట్లాండ్ పెద్దమనిషి ఒకాయన గళ్ల కిల్టు చుట్టుకుని, మేజోళ్లు పిక్కల దాకా లాక్కుని, రెండు మోకాళ్లూ లోకానికి చూపిస్తూ క్వీన్ మేరీ 2 ఓడలో రాత్రి భోజనానికి వస్తాడు. గుమ్మం దగ్గర ఎవరూ అడ్డం రారు. నల్లకోటూ బో టై లేనివాళ్లు తమ దేశపు లాంఛన దుస్తుల్లో రావచ్చని కునార్డ్ కంపెనీ నియమాల్లోనే ఉంది. అదే గుమ్మం దగ్గరికి ముంచింగిపుట్టు నుంచి ఓ అమ్మ, గిరిజనుల ధింసా ఆటకు కట్టినట్టే మోకాలి దాకా చీర కట్టి, కొంగు భుజం మీద ముడేసి, మెడ నిండా పూసలతో వచ్చిందనుకోండి. మోకాలి చిప్పలు అవే, ఎత్తు అదే. ఇక్కడ మాత్రం గుమ్మం కుర్రాడు ఒక్క క్షణం ఆగి, లోపలున్న మేనేజరు వైపు చూస్తాడేమో అని అనుమానం.

ముంచింగిపుట్టుకు ఓడలతో చుట్టరికం లేదు. ఒడిశాను ఒరుసుకుని ఉన్న కొండ మండలం అది. నీళ్లంటే మత్స్యగెడ్డ, జోలాపుట్టు రిజర్వాయరు. పడవంటే గెడ్డ దాటించే నాటుపడవ. నాటుపడవకు ఉన్న డ్రెస్ కోడ్ ఒక్కటే: ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ చీర తడవకుండా చూసుకోవడం. ఆ లెక్కన మోకాలి దాకా కట్టిన చీరను మించిన నౌకావస్త్రం ఇంకోటి లేదు. నేల ఊడ్చే గౌనుతో మత్స్యగెడ్డ దాటమంటే ఏ దొరసానైనా మొదట కుట్టుపనివాణ్ణే తిడుతుంది.

2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. పాడేరు జిల్లా కేంద్రమైంది. విశాఖ జిల్లా నుంచి విడిపోయిన ముంచింగిపుట్టు కాగితాల మీద సముద్రాన్ని పోగొట్టుకుంది. రెండు నెలలు దాటీ దాటగానే, జూన్ 8న, కార్డీలియా వాళ్ల ఎంప్రెస్ అనే పదకొండు అంతస్తుల ఓడ విశాఖ రేవుకొచ్చి జనాన్ని ఎక్కించుకుపోయింది. మరుసటి ఏడాది సెప్టెంబరులో అక్కడ క్రూయిజ్ టెర్మినల్ కూడా తెరిచారు. జిల్లా సముద్రానికి దూరమైతేనేం, ఓడ కొండకు దగ్గరైంది. పాడేరు మీదుగా ఘాటీ దిగితే ఒక పూట ప్రయాణం. కాబట్టి పసుపు, పిప్పళ్లు, కాఫీ గింజలు అమ్మిన డబ్బుతో రేపు ఓ అమ్మ ఓడ టికెట్టు కొనదని ఎవరూ పందెం కాయలేరు. కొన్నాక వచ్చే మొదటి ప్రశ్న, ఏ దేశపు ఆడవాళ్లకైనా వచ్చేదే: ఏం కట్టుకోవాలి?

క్రూయిజ్ ఓడల్లో మగవాళ్లకు ఈ ప్రశ్నే లేదు. నల్లకోటు, తెల్లచొక్కా, మెడకు సీతాకోకచిలుకలా ముడేసిన టై. అందరూ ఒకేలా ఉంటారు. దూరం నుంచి చూస్తే భోజనానికి వచ్చింది ఎవరో, వడ్డించడానికి వచ్చింది ఎవరో పోల్చుకోవడం కష్టం. ఆడవాళ్ల దగ్గరికి వచ్చేసరికి నియమం నీళ్లు నములుతుంది. ఈవినింగ్ డ్రెస్ కావచ్చు, కాక్‌టెయిల్ డ్రెస్ కావచ్చు, స్మార్ట్‌గా ఉండే ప్యాంటు సూటు కావచ్చు, దేశీయ లాంఛన దుస్తులు కావచ్చు. స్మార్ట్ అంటే ఏమిటో ఏ కంపెనీ జానా బద్దతో కొలిచి చెప్పదు. పరీక్ష పెట్టి సిలబస్ ఇవ్వకపోతే ఎలా ఉంటుందో అలా ఉంటుంది వ్యవహారం. కాక్‌టెయిల్ డ్రెస్ అన్న మాటే ఓ తమాషా. తాగే సరుకు పేరు కట్టే గుడ్డకు పెట్టడం దొరల దగ్గరే కుదిరింది. మన ఏజెన్సీలో జీలుగు కల్లుకు ప్రత్యేకంగా ఒక చీర ఉండాలని ఇంతవరకూ ఎవరికీ తోచలేదు.

క్వీన్ మేరీ 2 సాధారణంగా ఏడు రాత్రుల్లో అట్లాంటిక్ దాటుతుంది. అందులో రెండు రాత్రులు గాలా విందులు. ఒకసారి నలుపు తెలుపు, ఒకసారి ముసుగు, ఇంకో ప్రయాణంలో ఎరుపు బంగారం, ఇలా ఒక్కో రాత్రికి ఒక్కో ఇతివృత్తం పెడతారు. ఎరుపు బంగారం రాత్రి అని చెప్పి తెల్లవాళ్లు నెలల ముందు నుంచి దుకాణాలు గాలిస్తుంటే తెలుగు ఆడవాళ్లకు నవ్వొస్తుంది. ఎర్ర పట్టుచీర, జరీ అంచు, ఒంటి మీద నాలుగు నగలు: మన దగ్గర దాన్ని పెళ్లి అంటారు. నలుపు తెలుపు రాత్రే చిక్కు. శుభమా అని ఓడెక్కి నల్లచీర కట్టుకోమంటే, కాకినాడ పెద్దమ్మ అయినా హైదరాబాద్ అత్తయ్య అయినా కేబిన్ తలుపు తీయదు.

అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులు ఇప్పుడు అలాస్కాకో కరీబియన్‌కో ఓడలో వెళ్లి రావడం తెలుగిళ్లలో మామూలైంది. ఆ కేబిన్లలో జరిగే సంభాషణ ఊహించడం పెద్ద కష్టం కాదు.

“అమ్మా, ఇవాళ ఫార్మల్ నైటు. మంచి చీర కట్టుకో.”

“ఎవరిదే పెళ్లి?”

“పెళ్లి కాదమ్మా, భోజనానికి.”

“భోజనానికి పట్టుచీరా! సాంబారు పడితే ఎవరు ఉతుకుతారే?”

“ఇక్కడ సాంబారు ఉండదమ్మా.”

“సాంబారు కూడా లేని భోజనానికా!”

తండ్రి ఈలోగా పెళ్లిలో కుట్టించుకున్న సూటులోకి ఊపిరి బిగబట్టి దూరుతూ ఉంటాడు. చివరికి ఆవిడ పట్టుచీర కట్టి, కాళ్లకు మాత్రం కొడుకు కొనిచ్చిన స్పోర్ట్స్ బూట్లు వేసుకుని విందుకు వెళుతుంది. కుచ్చిళ్ల కింద బూట్లు ఎవరికీ కనపడవు. గౌనుకు హైహీల్స్ తప్పవు గాని, చీర కింద ఏముందో అడిగే నియమం ఇంకా పుట్టలేదు.

లోకంలో ఈ సంగతి మీద రెండు జట్లున్నాయి. అంత డబ్బు పోసి ఓడెక్కి, నిక్కర్లు వేసుకున్నవాడి పక్కన కూర్చుని తినడానికా, ఒక్క రాత్రయినా రాణిలా తయారవ్వనివ్వండి అని ఒక జట్టు. సెలవుకొచ్చింది ఊపిరి పీల్చుకోవడానికి, నడుం బిగించుకోవడానికి కాదు, పైగా రెండు గౌన్లు, రెండు జతల చెప్పులు, వాటికి తగ్గ చేతిసంచులు సర్దితే విమానంవాడు బరువుకు డబ్బులు గుంజుతాడు అని రెండో జట్టు. వ్యాపారం తెలిసిన కంపెనీలు రెండు జట్లకూ టికెట్లు అమ్ముతాయి. నార్వీజియన్ క్రూయిజ్ లైన్ 2000లో ఫ్రీస్టైల్ అనే పేరు పెట్టి, ఫార్మల్ రాత్రుల నిర్బంధాన్ని తీసేసింది. సెలబ్రిటీ క్రూయిజెస్ వాళ్లు 2015లో ఫార్మల్ రాత్రి పేరు మార్చి ఈవినింగ్ షిక్ అన్నారు. షిక్ అంటే ఏమిటో స్మార్ట్‌ను అడగాలి, స్మార్ట్ అంటే ఏమిటో షిక్‌ను అడగాలి. కునార్డ్ మాత్రం పట్టు వదలకుండా, తయారవ్వడం ఇష్టం లేనివాళ్లకు బఫే హాలూ పబ్బూ చూపించింది. తయారైనవాళ్లు ఒకవైపు, ఆకలైనవాళ్లు ఒకవైపు.

ఆడవాళ్లకు ఇలాంటి బట్టల శిక్షలు ఎందుకు పడతాయో ముంచింగిపుట్టు కొండల్లో పాత కథలున్నాయి. గదబ తెగ ఆడవాళ్లు ఒకప్పుడు అడవి పొదల బెరడు నుంచి నార తీసి, రంగులద్ది, చారల గుడ్డలు తామే నేసుకునేవారు. నడుం వెనక నారతాళ్లతో చేసిన ఒక దిండులాంటిది కట్టి, దాని మీదుగా గుడ్డ చుట్టేవారు. చెవులకు ఇత్తడి తీగ చుట్టలు భుజాల దాకా వేలాడేవి. 1907లో ఫ్రాన్సిస్ దొర రాసిన విశాఖపట్నం జిల్లా గెజెటీరు, 1909లో థర్‌స్టన్ దొర ఏడు సంపుటాల గ్రంథం ఈ వేషం గురించి విడ్డూరంగా చెప్పుకొచ్చాయి. కథలు కూడా ఎక్కించుకున్నాయి. వనవాసంలో ఉన్న సీతమ్మను చూసి గదబ ఆడవాళ్లు నవ్వారట. ఇకమీదట నారగుడ్డ తప్ప మీకు ఇంకో గుడ్డ లేదు పొమ్మని ఆవిడ శపించిందట. నడుం దిండుకు ఇంకో కథ. మారువేషంలో వచ్చిన ఓ దేవత కాసేపు మంచం మీద ఒరుగుతానని అడిగితే, బిచ్చగత్తెలకు నేల చాలదా అందట ఓ ఇల్లాలు. మర్యాద మరచిపోకుండా ఉండటానికి ఆ దిండు అందరి నడుముకూ పడింది.

ఎంత న్యాయమైన డ్రెస్ కోడ్! కారణం ఉంది, నేరం ఉంది, శిక్ష ఉంది. ఓడల కంపెనీలు ఇంత వివరంగా ఎప్పుడైనా చెప్పాయా? ఏ అతిథికి కుర్చీ వేయలేదని హైహీల్స్ వేశారో, ఎవరిని చూసి నవ్వారని కార్సెట్ బిగించారో ఆ ఆడవాళ్లకే తెలియదు.

నడుం దిండు సంగతిలో ఇంకో మెలిక ఉంది. దాన్ని వింతగా రాసుకున్న దొరల తల్లులూ అక్కచెల్లెళ్లూ 1870ల్లో, 80ల్లో లండన్‌లో సరిగ్గా అదే పని చేశారు. గౌను వెనకభాగం గుర్రపు జీనులా లేవాలని లోపల తీగలూ దిండ్లూ కట్టారు. దాన్ని బజిల్ అన్నారు, మర్యాదగా డ్రెస్ ఇంప్రూవర్ అని కూడా అన్నారు. ఇరవై ఏళ్లు తిరక్కుండా తమ ఇంట్లో అటకెక్కిన సరుకు పక్కనే ఉన్న కోరాపుట్ కొండల్లో కనబడితే, దొరలు దానికి అదే పేరు పెట్టి ఆచారాల గ్రంథంలో ఎక్కించారు. లండన్‌లో అయితే ఫ్యాషన్, కొండ మీద అయితే ఆంత్రోపాలజీ.

ఇక మన ఊహల అమ్మను గుమ్మం దగ్గరే వదిలేశాం, పాపం. ఆవిడ తరఫున వాదించడానికి వకీలు అక్కర్లేదు, నియమాల కాగితం చాలు. అభ్యంతరం మోకాలికా? కాక్‌టెయిల్ డ్రెస్ ఆగేదే మోకాలి దగ్గర. భుజం కనబడుతోందా? స్ట్రాప్‌లెస్ గౌనుకు అసలు భుజమే లేదు. జాకెట్టు లేదంటారా? పాతకాలపు కట్టులో కొంగే జాకెట్టు పని చేసేది. వీపు నడుం దాకా వదిలేసిన గౌన్లు ఎర్ర తివాచీల మీద నడుస్తుంటే జాకెట్టు ఊసెత్తే హక్కు ఎవరికుంది? దేశీయ దుస్తులు కావాలా? ఇంతకన్నా దేశీయం ఎక్కడ దొరుకుతుంది? కిల్టును రానిచ్చిన ఓడ ధింసా చీరను ఆపలేదు, ఆపితే స్కాట్లాండ్ పెద్దమనిషిని కూడా వెనక్కి పంపి ప్యాంటు తొడుక్కుని రమ్మనాలి.

వాదన గెలిచినా గుమ్మం దాటడం వేరే సంగతి. సొంత గడ్డ మీదే చీరకు, పంచెకు చుక్కెదురైన సందర్భాలున్నాయి. 2014 జులైలో చెన్నైలో ఓ క్రికెట్ క్లబ్బు పంచె కట్టుకొచ్చిన హైకోర్టు న్యాయమూర్తిని లోపలికి రానివ్వలేదు. గొడవ శాసనసభ దాకా వెళ్లి, పంచె కట్టినవాణ్ణి ఆపకూడదని తమిళనాడు ఏకంగా చట్టం చేసుకుంది. 2021 సెప్టెంబరులో ఢిల్లీలో ఓ రెస్టారెంటు దగ్గర చీర స్మార్ట్ క్యాజువల్ కిందికి రాదన్న మాట వినబడి దేశమంతా భగ్గుమంది. సౌతాంప్టన్ నుంచి బయల్దేరే ఓడకు మన చీర లాంఛనమే, ఢిల్లీ రెస్టారెంటుకు కాదు! దొరలు వెళ్లిపోయినా వాళ్ల గుమ్మాలకు కాపలా మాత్రం మనం మానలేదు.

నిజానికి తెలుగు ఆడవాళ్లు ఓడలెక్కడం నిన్న మొన్నటి ముచ్చట కాదు. బ్రిటిష్ ఇండియా కంపెనీ స్టీమర్లు విశాఖ, భీమిలి, కళింగపట్నం రేవుల నుంచి రంగూన్‌కు కూలీలను మోసుకెళ్లిన రోజుల్లో మన జనం డెక్కు మీదే కూర్చుని, అక్కడే పడుకుని బంగాళాఖాతం దాటారు. పగలు కట్టిన చీరే రాత్రి దుప్పటి. కెప్టెన్ విందుకు ఎవరూ పిలవలేదు కాబట్టి డ్రెస్ కోడ్ చిక్కు రాలేదు.

కాలం తిరగబడిందనడానికి అరకు వెళ్లి చూడండి. విశాఖ నుంచీ హైదరాబాద్ నుంచీ వచ్చిన ఆడపిల్లలు జీన్సు మీదే ధింసా చీర చుట్టించుకుని, అద్దె పూసలు వేసుకుని, కొప్పులో పూలు పెట్టుకుని ఫోటోలు దిగుతుంటారు. చీర మోకాలి దాకా రాకపోతే, సరిగ్గా కట్టలేదని చుట్టిన అమ్మతోనే పేచీ. కొండ మీద మోకాలి దాకా ఉంటేనే ఫార్మల్. అద్దె తీసుకునే అమ్మ మాత్రం తన పనికి మామూలు చీర, పైన స్వెటర్ వేసుకుని నిలబడి ఉంటుంది. ఆవిడకు చలి తెలుసు, ఫోటోకు తెలియదు.

ముంచింగిపుట్టు నుంచి ఓడెక్కదలచిన అమ్మలకు చివరగా ఒక జాగ్రత్త. చీర మీ ఇష్టం. పిన్నీసులు కూడా అక్కర్లేదు, భుజం ముడి అట్లాంటిక్ గాలికైనా జారదు. పూసలు, ఇత్తడి, వెండి ఎంతైనా పెట్టుకోండి. కాని ధింసా ఆడినట్టు వట్టి కాళ్లతో మాత్రం వెళ్లకండి. ఓడల్లో భోజనాల హాలులోకి చెప్పుల్లేకుండా రానివ్వరు. ఆ ఒక్క నియమంలో స్కాట్లాండ్ పెద్దమనిషికీ మినహాయింపు లేదు.