కుక్క బాపు

జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి వైపు ఏ గల్లీలో తిరిగినా ఒక కుక్క బాపు ఎదురవుతాడు. తెల్ల ధోతి, భుజాన తువాల, జేబులో ఎరువుల కంపెనీ వాళ్లు ఎప్పుడో ఇచ్చిన డైరీ, చేతిలో గొలుసు. గొలుసు అవతలి కొసన ఒక లాబ్రడార్. పేరు ఎక్కువగా సుల్తాన్ అని ఉంటుంది.

కుక్క కావాలని ఆయన అడగలేదు. దుబాయిలోనో మస్కట్‌లోనో ఉన్న కొడుకు రెండు నెలల చుట్టీ మీద వచ్చినప్పుడు హైదరాబాద్ నుంచి పిల్లను పట్టుకొచ్చాడు. చుట్టీ అయిపోయింది, కొడుకు విమానం ఎక్కాడు, కుక్క బాపుకు మిగిలింది. పోయేవాడు ఊరికే పోలేదు, దానికి విద్యలన్నీ అరబ్బీలో నేర్పిపోయాడు. 'తాల్' అంటే వస్తుంది, 'ఖలాస్' అంటే గిన్నె విడిచిపెడుతుంది. బొంబాయి కూడా దాటని బాపు పొద్దున్నే వాకిట్లో నిలబడి "తాల్, తాల్!" అని కేకేస్తుంటే, గల్ఫ్ నుంచి వాపస్ వచ్చి హాయిగా పడుకున్నవాళ్లు కఫీల్ పిలిచాడేమోనని దిగ్గున లేస్తారు.

బాపుకు పశువుల డాక్టరు కొత్తేం కాదు. జన్మంతా బర్లతోనే గడిచిన మనిషి. గాలికుంటు టీకా సర్కారువాళ్లే ఊళ్లోకి వచ్చి వేసిపోతారు. బర్రె ఎదకొస్తే గోపాలమిత్ర బండి మీద దిగుతాడు. పశువుల దవాఖానకు పోతే ఉన్న మందు చేతిలో పెడతారు. పైగా బర్రె మీద పెట్టిన పైసా పాల రూపంలో ఇంటికే వస్తుంది. కుక్కకు డాక్టరేమిటన్నదే ఆయన ప్రశ్న. ఆయన చిన్నప్పటి కుక్కలు మిగిలిన గట్క తిన్నాయి, అరుగు కింద పడుకున్నాయి, ఏదో ఒకనాడు కనబడకుండా పోయాయి. వాటికి జ్వరం వచ్చిందో లేదో వాటికే తెలుసు.

అందుకే ఆయన డైరీలో రూపాయలుండవు, లీటర్లుంటాయి. పిచ్చికుక్క టీకా: నాలుగు లీటర్లు. కడుపులో పురుగుల మందు: లీటరున్నర. సంచి పెడిగ్రీ: రాయలేదు, చూసి మళ్లీ అక్కడే పెట్టేశాడు. "బర్రె పాలిస్తది, కోడి గుడ్డిస్తది. ఇదేమిస్తదయ్యా? తోకూపుతది. తోకూపుడుకు డెయిరీవాడు బిల్లు కడ్తడా?" అంటాడు. అంటూనే అన్నంలో పెరుగు కలుపుతాడు. ఆ పెరుగు డైరీకెక్కదు.

డాక్టర్‌ను ఎంచుకోవడానికి బాపు దగ్గర ఒకటే గీటురాయి, సూది. సూది ఇస్తే డాక్టరు. సెలైన్ ఎక్కిస్తే పెద్ద డాక్టరు. రెండూ చేయకుండా మాట్లాడేవాడు డాక్టరే కాదు. ఇది కుక్కతో వచ్చిన బుద్ధి కాదు, తన జ్వరానికి కూడా ఆయన ఇట్లాగే దవాఖానలు మార్చాడు. ఒకసారి సుల్తాన్ ఎవరి పెండ్లి విందులోనో బొక్కలు తిని రాత్రంతా కక్కింది. తీసుకుపోతే కొత్తగా వచ్చిన డాక్టరమ్మ నోరు తెరిచి చూసింది, కడుపు నొక్కి చూసింది, చిగుళ్ల మీద వేలు పెట్టి చూసింది.

"ఈ పూట అన్నం పెట్టకండి. నీళ్లు కొద్దికొద్దిగా తాగించండి. మళ్లీ కక్కితే వెంటనే తీసుకురండి" అంది.

"సూది బిడ్డా?"

"అక్కర్లేదు."

"గోలీ?"

"ఇప్పుడైతే ఏమొద్దు."

బాపు బయటికొచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. "ఉపాసముండుమని చెప్పెటందుకు డాక్టరెందుకుల్లా? ఏకాదశి నాడు అయ్యగారు చెప్తలేడా!" కుక్క మాపటికే లేచి తిరిగింది. ఆ పేరు మాత్రం డాక్టరమ్మకు రాలేదు, బొక్కలు మంచివై ఉంటాయన్నాడు.

డాక్టరమ్మను కాదని అంతకుమించిన డాక్టర్‌ను వెతుక్కుంటూ ఆయన కారు కిరాయికి మాట్లాడుకుని కరీంనగర్ పోయాడు. అక్కడ ఏసీ ఉంది, గోడ మీద కుక్క బొమ్మలున్నాయి, కుర్చీలున్నాయి. చెవిలో పుండు కడిగి, మందు వేసి, చీటీ చేతికిచ్చి బిల్లు చెప్పారు. పశువుల అంగడిలో తల పండిన మనిషి గదా, బాపు తువాల తీసి డాక్టరు చేతి మీద కప్పాడు. తువాల కింద వేళ్లు పట్టుకుని బేరం చేయడం ఆయనకు పుట్టుకతో వచ్చిన విద్య. రెండు వేళ్లు పట్టుకోబోతుంటే డాక్టరు "థాంక్సండీ" అని చెయ్యి తుడుచుకుని తువాల వాపస్ ఇచ్చాడు. ఆ బిల్లు మొత్తం కట్టాల్సొచ్చింది. కారు కిరాయి బిల్లుకు రెండింతలు. డైరీలో ఆ పేజీ చూపించమంటే చూపించడు.

కోరుట్ల బాపులకు కరీంనగర్ దాకా పోయే పని లేదు నిజానికి. పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయానికి రాజేంద్రనగర్‌లో, మామునూరులో ఉన్నట్టే కోరుట్లలోనూ కాలేజీ ఉంది. కాలేజీ అంటే దాంతోపాటు దవాఖాన. ఐదున్నరేండ్ల చదువులో చివరి ఏడాది పిల్లలకు పనే చదువు. బాపు అక్కడికి పోయిన మొదటి రోజు ఒక పెద్దసారు, ఆయన వెనుక తెల్లకోట్ల పిల్లలు ఏడెనిమిది మంది. సారు సుల్తాన్ రొమ్ము మీద స్టెతస్కోపు పెట్టి విన్నాడు. తర్వాత ఒక్కొక్క పిల్ల, ఒక్కొక్క పిలగాడు వంతులవారీగా విన్నారు. సుల్తాన్ సగంలోనే నిద్రపోయింది. బాపు మటుకు గల్లీకి వచ్చి పది రోజులు అదే కథ చెప్పాడు: "ఎనమండుగురు డాక్టర్లు చూసిన్రు! నేను సచ్చేటప్పుడు గూడ అంతమంది చూడరు." కాలేజీ మీద ఆయనకున్న ఒకే ఒక్క ఫిర్యాదు, అంతమంది వినీ ఒక్కరూ సూది ఇవ్వకపోవడం.

పురుగుల మందు బరువును బట్టి పోయాలని వాళ్లు చెప్పారు. "అందాజ ముప్పై కిలోలు" అంటే ఒప్పుకోలేదు, తూకం కావాలన్నారు. బాపు తోవలో వడ్ల కొనుగోలు కేంద్రం దగ్గర ఆగాడు. సుల్తాన్ కాంటా మీద నిలబడదు, బాపు ఎత్తుకుని తానే ఎక్కాడు. ఇద్దరిదీ తొంభై ఎనిమిది. బాపు ఒక్కడిదీ అరవై నాలుగు. ముప్పై నాలుగని బాపు నోటికొచ్చేలోపు హమాలీ చేతి అలవాటుతో "రెండు కిలోలు తరుగు" అనేశాడు.

"కుక్కకు తరుగేందిరా?"

"నీ కుక్క చెర్ల మునిగొచ్చింది బాపూ. తేమ పదిహేడు దాటింది. ఆరబోసి రాపో."

ఆ సీజన్‌లో తన వడ్లకూ అదే మాట విని ఉన్నాడు కాబట్టి బాపుకు నవ్వు రాలేదు. ముప్పై నాలుగుకే మందు పోశాడు గానీ, మనసులో ఆ రెండు కిలోలు ఎవరో తిన్నారన్న అనుమానం ఇప్పటికీ ఉంది.

సిరిసిల్లలో ఆయన వియ్యంకుడుంటాడు. సాంచాలు నడిపే ఆసామి, లెక్కంతా మీటర్లలో. ఆయన ఇంట్లో ఒక పామరేనియన్. సాంచాల చప్పుడు మధ్య పుట్టి పెరిగిన కుక్క కనుక దీపావళి బాంబులకు చెవి కూడా కదపదు. అది మొరిగినా ఎవరికీ వినబడదు, కాబట్టి మొరగడం మానేసిందని వియ్యంకుడే చెబుతాడు. కుక్క ఖర్చులో ఆయన బాపు కంటే రెండాకులు ఎక్కువ చదివాడు. జులై 6న సర్కారు పశువుల దవాఖానల్లో పిచ్చికుక్క టీకా ఉచితంగా వేస్తారన్న రహస్యం బాపుకు చెప్పింది ఆయనే. 1885లో అదే తారీఖున పారిస్‌లో పాశ్చర్ కుక్క కరిచిన ఒక పిల్లవాడికి మొదటిసారి ఆ మందు ఎక్కించాడు, అందుకని ఆ రోజు. "ఎవలైతేంది బావా, పుణ్యాత్ముడు" అన్నాడు బాపు. ఆ పొద్దు గేటు తెరవకముందే లైన్లో నిలబడ్డాడు. టీకా వేయించి కదలకుండా, "సారూ, వచ్చే ఏడుది గూడ ఇప్పుడే ఏసెయ్యుండ్రి, మళ్ల ఎవడు తిరుగుతడు?" అని అడిగాడు. సారు చేతులు జోడించాడు.

పార్వో, డిస్టెంపర్ లాంటి వాటికి వేరే టీకా ఉంటుందని, అది కొనుక్కోవాలని చెబితే మాత్రం బాపు మొహం మాడ్చుకున్నాడు. "ఒకటి ఫ్రీగ ఇచ్చి తొమ్మిది పైసలకు అమ్ముతున్నరు. చీరెకు జాకెట్ గుడ్డ ఫ్రీ లెక్క." పార్వో పట్టిన కుక్కపిల్లకు ఐదారు రోజులు సెలైన్లు ఎక్కించాలి, అప్పటికీ దక్కుతుందన్న భరోసా లేదు. ఆ ఖర్చు ముందు టీకా ధర చాలా తక్కువ. ఈ సంగతి చెబితే ఆయన వినేది ఒక్క ముక్కే: "ఐదు రోజులు సెలైనా?" కండ్లల్లో మెరుపు.

ఆ ముచ్చట తీరే రోజు వచ్చింది. గోమార్ల వల్ల వచ్చింది. సుల్తాన్ బర్ల కొట్టంలో పడుకుంటుంది. మెడ కింద, చెవి మడతల్లో, వేళ్ల సందుల్లో చింతగింజల్లా గోమార్లు. నెలకో గోలీ వేస్తే పట్టవని చెప్పారు, ధర కూడా చెప్పారు. బాపు లీటర్లలోకి మార్చి చూసుకుని పక్కున నవ్వాడు. "దేవుడు గోర్లెందుకిచ్చిండు?" రోజూ మాపటేల అరుగు మీద కూర్చుని, కుక్కను ఒళ్లో వేసుకుని, ఒక్కొక్కటి పీకి గ్యాస్‌నూనె గిన్నెలో వేస్తాడు. చూడముచ్చటగా ఉంటుంది గానీ, కుక్క మీద కనబడేవి కొన్నే, గోడ పగుళ్లలో గుడ్లు పెట్టేవి వందలు. గోర్లు అక్కడిదాకా పోవు.

కొన్నాళ్లకు సుల్తాన్ తిండి మానేసింది, ఒళ్లు కాలిపోతోంది. బాపు ముందు దగ్గర్లో ఉన్న ఆర్‌ఎంపీ దగ్గరికి పోయాడు. ఆయన రెండు చేతులూ ఎత్తేశాడు. "నేను మనుషులకే సగం డాక్టర్ని బాపూ, కుక్కకెట్ల చూస్త?" ఆ మనిషికి దండం పెట్టాలి. 1984 నాటి చట్టం ప్రకారం పశువైద్యం రిజిస్టరైన డాక్టరే చేయాలి. అది అట్లా ఉంచి, మనం ఒళ్లు నొప్పులకు పటపటా వేసుకునే గోలీలు కుక్క కడుపులో పుండ్లు చేస్తాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. జ్వరం గోలీ పిల్లికైతే ఒక్కటే చాలు ప్రాణం తీయడానికి. మందుల షాపులో "చిన్న కుక్క, సగం గోలీ చాలా?" అని అడిగేవాళ్లను చూసినప్పుడల్లా నాకు గుండె దడ.

కాలేజీ దవాఖానలో రక్తం తీసి చూశారు. గోమారి జ్వరం, ప్లేట్‌లెట్లు పడిపోయాయన్నారు.

"డెంగీల పడిపోతయంటరు, గవ్వేనా సారూ?"

"అవే."

"అయితే బొప్పాయాకు రసం..."

"డాక్సీసైక్లిన్ రాస్తున్న. నాలుగు వారాలు పూర్తిగా వేయాలె. మధ్యల ఆపొద్దు."

మందు ఖరీదైందేం కాదు. బాపు లెక్క కోసం వారానికే కొన్నాడు. నాలుగు రోజులకే సుల్తాన్ లేచి గిన్నె నాకడం మొదలుపెట్టింది. మిగిలిన మూడు రోజుల గోలీలు కూడా చీటీలో చుట్టి దాచాడు. "బర్రె మంచిగైనంక గూడ మందు పోస్తమా? దవాఖానోళ్లకు అమ్ముకునుడే పని." నెల తిరక్కుండానే ఒకనాడు కుక్క ముక్కులోంచి రక్తం. రోగం ఎక్కడికీ పోలేదు, రక్తకణాల్లో దాక్కుని కూర్చుంది.

ఈసారి సెలైన్ ఎక్కింది. ముందరి కాలు మీద వెంట్రుకలు గొరిగి, సూది గుచ్చి, ప్లాస్టర్ వేసి, సీసా వేలాడదీశారు. ఇన్నేండ్లుగా వెతుకుతున్న పెద్ద డాక్టరు దొరికిన క్షణం అది. బాపు అటు చూడలేదు. కుక్క తల ఒళ్లో పెట్టుకుని తువాలతో ఈగలు తోలుతూ కూర్చున్నాడు. సీసాలో చుక్కలు పడుతుంటే, "జర మెల్లగ పోనియ్యుండ్రి బిడ్డా, దానికి సలి పెడ్తది" అని ఒక హౌస్ సర్జన్ పిల్లను బతిమాలాడు. మూడు రోజులు ఇంటికి పోలేదు. బర్రె పాలు ఎవరు పిండారో, ఎన్ని లీటర్లయ్యాయో అడగలేదు.

ఇంటిదగ్గర అవ్వ వేములవాడ రాజన్నకు కోడె మొక్కుకుంది. కుక్క కోసం కోడెను కట్టేయడమేమిటని రాజన్న అనలేదు, ఇచ్చిన మాటకు కోడె కట్టి వచ్చారు. ఆ టికెట్టూ బస్సు ఖర్చూ మందుల పద్దు కిందనే రాశాడు బాపు. నయం చేసింది రాజన్నా, నాలుగు వారాల గోలీనా అని ఇంట్లో పంచాయితీ నడిచింది. చెరి సగం అని తీర్పిచ్చాడు. ఈసారి గోలీలు చివరిదాకా వేశాడన్నది అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తరు.

కుక్కలకు ఇన్సూరెన్స్ కూడా ఉందని ఎవరో చెబితే, బాపుకు ఒకటే సందేహం: "బర్రెకు చేయించినప్పుడు చెవికి పోగు గుచ్చిన్రు. దీనికి గూడ గుచ్చుతరా?" తర్వాత మాట వినలేదు.

ఇప్పుడు గల్లీలో ఎవరి కుక్కకు ఏమైనా ముందు వచ్చేది బాపు దగ్గరికే. "కార్డున్నదా? టీకాలేసినవా? గోమార్లు సూసినవా? తూకమెంత?" అని అడుగుతాడు. సూదేసే డాక్టర్ దగ్గరికి పొమ్మంటావా అంటే, "సూదెందుకురా, ముందుగాల కడుపు నొక్కి చూసేటోని దగ్గరికి పో. పైసలెంతైతయో ముందే చెప్పుమను" అంటాడు. డాక్టరమ్మ పేరు చెప్పడు గానీ, తోవ మాత్రం అటే చూపిస్తాడు.

మొన్న ఇమోలో కొడుకు, "బాపూ, గింత ఖర్చెందుకు, ఎవలకన్నా ఇచ్చెయ్యరాదు" అన్నాడు. ఆ మాట పక్కింటికి వినబడింది. రెండో రోజే జగిత్యాల నుంచి ఒక మామిడికాయల సేటు కారులో దిగాడు. తోటకు కుక్క కావాలట. సుల్తాన్ పండ్లు చూశాడు, కాళ్లు చూశాడు, బేరానికి కూర్చున్నాడు. బాపు ఏమీ మాట్లాడకుండా భుజం మీది తువాల తీసి సేటు చేతి మీద కప్పాడు. సేటు కూడా అంగడి మనిషే, కింద వేళ్లు కదిలాయి. బాపు రెండు వేళ్లు పట్టుకున్నాడు.

"రెండు వేలా? ఇస్త తియ్" అన్నాడు సేటు.

బాపు తల అడ్డంగా ఊపాడు.

"ఇరువై వేలా? జర ఎక్కువనే, గని సరే."

"కాదు సేటూ," అన్నాడు బాపు, వేళ్లు విడవకుండా. "రెండు బర్లు. పాడివి."