కారు తలుపు పద్యానికి టీకా తాత్పర్యం

మూలం

తలుపులోని సందు తగ మూయకుండగా
వేలు పోసి కొన్న వింత పెట్టె
రేకు తోడ గలసి రెచ్చి దద్దరిలును
పాట కాదు వినగ బాదు డదియ

అవతారిక

ఈ పద్యం ఏ తాళపత్రంలోనూ దొరకలేదు. నరసరావుపేటలో పల్నాడు రోడ్డు పక్కన కార్లకు పాటల సరంజామా బిగించే ఒకాయన, నా కారు తలుపు మీద వేలి కణుపులతో రెండుసార్లు కొట్టి, "ఏందన్నా ఇది, నూనె డబ్బా మోగినట్టు మోగుతోంది. ముందు తలుపు సంగతి చూడు, ఆనక స్పీకర్ల సంగతి చూద్దాం" అన్నాడు. ఆ మాటను ఆటవెలదిలో ఇరికించిన పాపం మాత్రం నాది. అప్పటికే నాలుగు వేలు పోసి ఆరున్నర అంగుళాల స్పీకర్ల జత కొని, వేరే చోట బిగించుకుని, మూడు వారాలుగా ఖాళీ డబ్బాలో ఈగ పడ్డట్టు పాటలు వింటున్నవాణ్ణి.

మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని మల్లినాథసూరి ఒట్టు పెట్టుకున్నాడు. ఈ వ్యాఖ్యాత అలాంటి ఒట్లేవీ పెట్టుకోలేదు.

ప్రతిపదార్థం

తలుపులోని = కారు తలుపు లోపలి రేకుకు గల; సందు = కన్నమును; తగ = ఎంత కావాలో అంత; మూయకుండగా = డ్యాంపింగ్ షీటు అతికించకుండా; వేలు పోసి కొన్న = రశీదు ఇంట్లో చూపించకుండా దాచిన; వింత పెట్టె = స్పీకరు; రేకు తోడ గలసి = తలుపు రేకుతో జట్టు కట్టి; రెచ్చి = వాల్యూము పెంచినకొద్దీ అదుపు తప్పి; దద్దరిలును = గడగడలాడును; వినగ = చెవి పెట్టి వింటే; పాట కాదు = పాట అనిపించుకోదు; అదియ = అది; బాదుడు = బాదుడే.

విశేషాలు

"సందు": పద్యానికి ప్రాణం ఈ మాటే. డోర్ ప్యాడ్ ఊడదీస్తే గాని దీని అర్థం తెలియదు. గొళ్లెం వెనక మూత కింద ఒక స్క్రూ, చెయ్యి ఆనించే చోట మరొకటి. అవి తీసి కింది అంచు పట్టుకుని లాగితే క్లిప్పులు టప్పుటప్పున ఊడొస్తాయి. ఒకటో రెండో విరగడం ఆచారం. లోపల నల్ల జిగురుతో అంటించిన ప్లాస్టిక్ కాగితం, దాని వెనక మోచెయ్యి దాకా దూరేటంత కన్నం. అద్దం మోటారు బిగించడానికి, బాగుచేయడానికి కంపెనీ వదిలిన దారి అది. స్పీకరు కూర్చునేది కూడా ఆ కన్నమున్న లోపలి రేకు మీదే.

స్పీకరు గరాటు ముందుకు కదిలితే ముందున్న గాలి ఒత్తుకుంటుంది, అదే క్షణంలో వెనకున్న గాలి పలచబడుతుంది. ఒకటి జమ, ఒకటి ఖర్చు. సెకనుకు 100 సార్లు కంపించే మంద్రస్వరానికి ఒక అల పొడవు సుమారు 3.4 మీటర్లు. కన్నం గుండా వెనక నుంచి ముందుకు ఉన్న దూరం జానెడో, మూరెడో. అంత దగ్గరి దారిలో వెనకటి అల వచ్చి ముందటి అలను మింగేస్తుంది. ముందు గదిలో తెచ్చిన అప్పు వెనక గదిలో తీరిపోయినట్టు, చేతికేమీ మిగలదు. పొట్టి అలలకు ఈ బాధ తక్కువ. అందుకే తాళాలు వినిపిస్తాయి, మృదంగం వినిపించదు. 1925లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఇంజనీర్లు రైస్, కెల్లాగ్ అనే ఇద్దరు నేటి స్పీకరుకు రూపం దిద్దినప్పుడే గరాటు ముందువైపునూ వెనకవైపునూ ఒక పలకతో వేరు చేశారు. మనకు పూర్వాచార్యులు వారే.

ఇక్కడ పూర్వపక్షం: "డప్పుకు వెనక మూత లేదు గదా, అది మాచర్ల నుంచి గురజాల దాకా వినపడటం లేదా?" అని ఆక్షేపిస్తే, సమాధానం. డప్పు దూరానికి వినిపించేది దాని ఠకఠక వల్ల, గంభీరత వల్ల కాదు. గుండెలో గుమ్మనాలంటే డోలు కావాలి, మద్దెల కావాలి. రెండింటికీ రెండు వైపులా మూతే. కాబట్టి ఆక్షేపణ నిలవదు. డప్పు ఇష్టమైనవారు కారు తలుపు అలాగే ఉంచుకోవచ్చు.

"వింత పెట్టె": పెట్టె కానిదాన్ని పెట్టె అన్నాడేమి? వ్యంగ్యం. కోటప్పకొండ తిరునాళ్లలో ప్రభల దగ్గర హోరెత్తించే స్పీకర్లు చూడండి, ఒక్కొక్కటీ బీరువా అంత చెక్క పెట్టెలో ఉంటుంది. ఉత్త స్పీకరును తెచ్చి కొండ కింద నేల మీద పెడితే పక్కనున్న చెరుకు ముక్కల బండివాడి కేకే దాన్ని మింగేస్తుంది. కారులో పెట్టె తలుపే. దుకాణంవాడు అట్ట మీద రాసిన వాట్లు అమ్ముతాడు, పెట్టె మనమే కట్టుకోవాలి.

"రేకు": తలుపు బయటి రేకు మిల్లీమీటరు మందం కూడా ఉండదు. స్పీకరు వెనక గాలి దాన్ని కొడుతూంటే అదీ ఒక స్పీకరై తన పాట తాను పాడుతుంది. దానికి మందు బ్యూటైల్ రబ్బరు షీటు. ఒక వైపు జిగురు, రెండో వైపు అల్యూమినియం పొర. రేకు వంగబోతే పైపొర వంగనివ్వదు. మధ్యన నలిగిన రబ్బరు ఆ వణుకును పిసరంత వేడిగా మార్చి మింగుతుంది. బయటి రేకు మొత్తం కప్పనక్కర్లేదు, పావు నుంచి సగం దాకా చాలు. కన్నం ద్వారా చెయ్యి దూర్చి, చిన్న రోలరుతో, అల్యూమినియం మీది గళ్లు చదునయ్యేదాకా నొక్కాలి. అంతకంటే ముందు స్పిరిటుతో తుడవాలి. నా తలుపు తుడిచిన గుడ్డకు పిడుగురాళ్ల సున్నమూ మాచర్ల రాతిపొడీ తెల్లగా అంటుకొచ్చాయి. పల్నాటి రాళ్లను వెక్కిరించే చాటువులు శ్రీనాథుడి పేర చెలామణీలో ఉన్నాయి. రాళ్లు కనపడ్డవి గనక తిట్టాడు, తలుపులో చేరిన పొడిని చూస్తే శతకమే చెప్పేవాడు.

చవకగా వస్తోందని తారు షీటు వేయబోతున్నవారికి ఒక్క మాట: రెంటచింతల. రాష్ట్రంలో ఎండలు మండినప్పుడల్లా పేపర్లో మొదట కనపడే ఊరు. మే నెలలో అక్కడ ఎండలో నిలిపిన కారులో తారు మెత్తబడి, వాసన కొట్టి, ఒక్కోసారి ఊడి కిందికి జారుతుంది. బ్యూటైల్ ఆ వేడికి తట్టుకుంటుంది.

పాఠాంతరం: కొందరు మొదటి పాదంలో "తగ" బదులు "తెగ" అని చదువుతారు. షీటుకింత అని లెక్కగట్టే కొన్ని దుకాణాల్లో ఈ పాఠానికే ఆదరణ. ఇది రెండు విధాలా దోషం. ఒకటి, "తలుపు"లోని తకారానికి తెకారం యతి చెల్లదు. రెండు, తలుపు అడుగున నీళ్లు పోయే చిల్లులుంటాయి. వానకు అద్దం పక్కన దిగిన నీరు వాటి గుండానే బయటికి పోవాలి. తెగ మూసినవాడు వాటినీ మూస్తాడు, మరుసటి వానాకాలానికి తలుపులో చెరువు, ఆపైన తుప్పు. అద్దం దిగే దారికీ తాళం కడ్డీలకూ షీటు అడ్డం పడకూడదు. లోపలి రేకుకున్న పెద్ద కన్నాన్ని మాత్రం పలచటి అల్యూమినియం పలకతో మూసి, స్క్రూలు బిగించి, పైన షీటు వేయాలి. రేపు మోటారు చెడితే విప్పుకోవచ్చు. పండితులు యతిభంగాన్ని క్షమించినా తలుపు క్షమించదు.

"బాదుడు": శ్లేష. చెవిని బాదడం ఒకటి, జేబును బాదడం ఒకటి. స్పీకరు ముందు కొని, షీటు తరవాత కొని, కూలి రెండుసార్లు ఇచ్చినవాడికి రెండో అర్థమే ముందు స్ఫురిస్తుంది.

తాత్పర్యం

స్పీకరు మార్చకముందు తలుపు మూయించుకోండి. నాకెవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాణ్ణి కాను, దుకాణంలో స్పీకరు మెరుస్తూ ఉండింది, షీటు అటక మీద చుట్టి ఉండింది.

గద్యము

ఇది నరసరావుపేట పురవర పల్నాటి మార్గ పార్శ్వస్థ వృక్షచ్ఛాయాసీన, క్లిప్పుద్వయ భంజక, స్పిరిటు గంధ లిప్త హస్త వ్యాఖ్యాతృ ప్రణీతంబైన కవాట నాదంబను కృతియందు ఎడమవైపు ముందు తలుపు సమాప్తము. కుడి తలుపుకు షీటు చాలలేదు.