షెడ్డు ఆరడుగులు, దుకాణం పన్నెండొందల కిలోమీటర్లు

2020 ఆగస్టు 10న చెన్నై నుంచి అండమాన్ నికోబార్ దీవులకు సముద్రం అడుగున వేసిన ఆప్టికల్ ఫైబర్ కేబుల్ పని మొదలెట్టింది. పొడవు సుమారు 2,300 కిలోమీటర్లు. చదువులకు మంచిదన్నారు, వైద్యానికి మంచిదన్నారు, పర్యాటకానికి మరీ మంచిదన్నారు. అన్నీ నిజమే. అదే కేబుల్లోంచి అమెరికా గ్యారేజీలు కూడా దీవుల్లో దిగబడతాయని మాత్రం ఎవరూ హెచ్చరించలేదు.

అంతకుముందు అక్కడ వీడియో చూడ్డమంటే తెర మీద చక్రం తిరుగుతుంటే చూడ్డమే. ఆ చక్రం ఎన్ని సంసారాల్ని కాపాడిందో లెక్కలేదు. ఇప్పుడలా కాదు. శ్రీ విజయపురంలో (2024 సెప్టెంబరు దాకా పోర్ట్ బ్లెయిర్) తెలుగు గృహస్థు రాత్రి భోంచేసి ఫోను తెరవడమే ఆలస్యం, టెక్సాస్‌లో ఒక పెద్దమనిషి రెండు కార్లు పట్టే గ్యారేజీ మధ్య నిలబడి, తనకున్న కాస్త చోటులోనే వడ్రంగం ఎలా సాగిస్తున్నాడో వివరిస్తుంటాడు. ఆ కాస్త చోటు ఇరవై అడుగులకు ఇరవై. అంటే నాలుగు వందల చదరపుటడుగులు. మన గృహస్థు ఫోను గుండెల మీద పెట్టుకుని కాసేపు ఇంటికప్పు కేసి చూస్తాడు. అంత చోటులో ఆయన ఇద్దరు పిల్లల్ని పెంచి, ఒకమ్మాయి పెళ్లిచూపులు కూడా జరిపించాడు.

ఆయనకున్న గ్యారేజీ, ఇంటి గోడకు చేరేసి వాలుగా దింపిన రేకుల షెడ్డు. వెడల్పు ఆరడుగులు, పొడవు స్కూటరు కన్నా కాస్త ఎక్కువ. చట్టప్రకారం అందులో కాపురముండాల్సింది స్కూటరు. కానీ దాంతోపాటు పాత సైకిలు, నీళ్ల డ్రమ్ము, రంగు డబ్బాలు, ముక్కాలిపీటగా మారిన నాలుగుకాళ్ల పీట కూడా అక్కడే ఉంటాయి. జంగ్లీఘాట్ వైపయితే వలలు, ఐసు పెట్టె, విప్పేసిన డింగీ ఇంజను అదనం. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల్లో ఉన్నది 3,80,581 మంది. వారిలో నూటికి పదమూడుగురి మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి చేపలవేటకొచ్చి నిలిచిపోయిన కుటుంబాలు వారిలో చాలా ఉన్నాయి. సముద్రం మీద బతికే ఇంట్లో ఏదో ఒక యంత్రం ఎప్పుడూ సగం విప్పే ఉంటుంది. మిగతా సగం ఎక్కడుందో ఇల్లాలికే తెలుసు.

"ఏటండీ ఇది? స్కూటరెక్కడెడతారు?" అని ఆవిడ అడిగినప్పుడు ఆయన దగ్గర చరిత్ర సిద్ధంగా ఉంటుంది. కాలిఫోర్నియాలో పాలో ఆల్టో అనే ఊళ్లో, 367 అడిసన్ అవెన్యూ ఇంటి వెనక, పన్నెండడుగులకు పద్దెనిమిదడుగుల గ్యారేజీలో 1938లో ఇద్దరు కుర్రాళ్లు పని మొదలెట్టారు. వాళ్లే హ్యూలెట్, ప్యాకార్డ్. మరుసటేడు కంపెనీ పెట్టారు. ఇప్పుడు ఆ గ్యారేజీని సిలికాన్ వ్యాలీ పుట్టినచోటు అంటారు. ఆవిడ అంతా విని, "వాళ్లు కంపెనీ ఎట్టేశారు, మీరు ఆ పీటకి నాలుగో కాలెట్టండి ముందు" అంటుంది. చరిత్ర అక్కడితో ముగుస్తుంది.

చిన్నచోటు వడ్రంగానికి అడ్డమని తెలుగుదేశంలో అసలెవరూ అనుకోలేదు. పల్లెల్లో వడ్రంగి కార్ఖానా మొత్తం ఒక గోనెసంచిలో పట్టేది. బాడిస, ఉలి, రంపం, చిత్రిక, బర్మా, ఇంత ఆకురాయి. వేపచెట్టు నీడే షెడ్డు, నేలే బల్ల, కాలి బొటనవేలే వైసు. ఆ వైసుకు తుప్పు పట్టదు, నెలవారీ వాయిదాలూ ఉండవు. కొండపల్లి బొమ్మలవాళ్లు ఇళ్లల్లోనే నేల మీద కూర్చుని తెల్లపొణికి కర్ర చెక్కుతారు. రంపపు పొట్టును కూడా పారేయరు. చింతగింజల పొడితో కలిపి మక్కు తయారుచేసి, దాంతోనే చేతులూ కాళ్లూ అతికిస్తారు. బొమ్మ పూర్తయ్యేసరికి గదీ సగం శుభ్రమవుతుంది.

నేల మీద చోటు లేనివాడికి గోడే గతి. ఈ విద్యలో గురుపీఠం బోస్టన్ దగ్గర పియానోలు చేసిన హెన్రీ స్టడ్లీది. ఆయన 1838లో పుట్టి 1925లో పోయాడు. గోడకు తగిలించే ఒకే పెట్టెలో మూడు వందల దాకా పనిముట్లు అమర్చాడు. మూస్తే పెట్టె ఎత్తు మూడడుగుల పైచిలుకు, వెడల్పు అందులో సగం. ప్రతి ఉలికీ దాని కొలతకే తొలిచిన గూడు, ఒక వరస పలకను తలుపులా తెరిస్తే వెనక ఇంకో వరస. అందులో ఖాళీ లేదు, ఇరుకూ లేదు. ఈ ఫొటో చూసి స్ఫూర్తి పొందినవాళ్లు మర్నాడే ప్లైవుడ్డు కొంటారు. మూడు వందల పనిముట్ల మాట తర్వాత, ముందు ఉన్న మూడు స్క్రూడ్రైవర్లలో రెండు ఎక్కడున్నాయో తేలాలి.

స్టడ్లీ అంత ఓపిక లేనివాళ్లకు తేలిక ఉపాయం వాలుపట్టీ. ఒక చెక్కపట్టీని నిలువునా నలభై ఐదు డిగ్రీల వాలుతో రెండుగా కోస్తారు. ఒక ముక్క గోడకు, వాలు లోపలివైపు ఉండేలా. రెండోది అరకు, తిరగేసి. అర దానంతటదే గోడ ముక్కలో కూర్చుంటుంది. ఎత్తితే వచ్చేస్తుంది, జరిపితే జరుగుతుంది. బరువు పెరిగేకొద్దీ గోడకు మరింత హత్తుకుంటుంది.

ఎత్తితే వచ్చేయడమే అండమాన్‌లో చిక్కు. దీవులు భూకంపాల పటంలో ప్రమాదం అత్యధికంగా ఉన్న ప్రాంతం. 2004 డిసెంబరు 26 పొద్దున్న ఆరున్నర కావస్తుండగా వచ్చిన కంపాన్ని, దాని వెనకే వచ్చిన సముద్రాన్ని చూసినవాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు. అందుకని ఇక్కడ అర తగిలించాక కిందినుంచి ఒక స్క్రూ బిగించి తీరాలి. గ్రైండరు, వైసు, ఇంజను భాగాల్లాంటి బరువులన్నీ మోకాలి ఎత్తుకు మించకూడదు. వీడియోలోని పెద్దమనిషికి ఈ బాధ లేదు గనక చెప్పడు.

పనిబల్ల మడతపడాలి. రాన్ హిక్‌మన్ అనే ఆయన లోటస్ ఎలాన్ కారు రూపకర్త. 1960ల్లో ఇంట్లో బీరువా చేసుకుంటూ, బల్ల లేక మంచి స్వీడిష్ కుర్చీ మీద చెక్క పెట్టి రంపం లాగాడు. చెక్కతోపాటు కుర్చీ కూడా తెగింది. ఆ దుఃఖంలోంచి పుట్టిందే మడతబల్ల వర్క్‌మేట్. మొదట కంపెనీలు అమ్ముడుపోదన్నాయి. చివరికి 1970ల మొదట్లో బ్లాక్ అండ్ డెకర్ తయారుచేసింది. 2011లో హిక్‌మన్ పోయేనాటికి ప్రపంచంలో సుమారు మూడు కోట్ల బల్లలు అమ్ముడయ్యాయి. మన షెడ్డుకు అంత హంగు అక్కర్లేదు. పందొమ్మిది మిల్లీమీటర్ల ప్లైవుడ్డు పలకను మడతబందులతో గోడకు బిగించి, ముందు రెండు మడతకాళ్లు పెడితే చాలు. దించితే బల్ల, ఎత్తితే గోడ. స్కూటరు బయటికెళ్లినంతసేపూ కార్ఖానా, తిరిగొస్తే గ్యారేజీ. మడతబందులు మాత్రం ఇత్తడివో స్టీలువో కావాలి. ఇనుపవైతే రెండో వానాకాలానికి బల్ల ఏ భంగిమలో ఉందో అందులోనే శాశ్వతంగా ఉండిపోతుంది.

వీడియోలు పదేపదే చెప్పే ఇంకో మాట: అన్నింటికీ చక్రాలు పెట్టండి. శ్రీ విజయపురం కొండల ఊరు. సమతలంగా ఉన్న నేల కనిపిస్తే అక్కడ అప్పటికే ప్రభుత్వ కార్యాలయం ఉంటుంది. తాళం లేని చక్రాల మీద రంపపు బల్ల పెట్టినవాడు, పని మధ్యలో దాని వెంబడి వీధి చివరిదాకా వెళ్లి, దారిలో నలుగురి క్షేమసమాచారాలు కూడా కనుక్కుని రావాల్సి ఉంటుంది. బ్రేకున్న చక్రాలే కొనాలి.

తుప్పు సంగతి వేరే చెప్పాలి. ఏడాదికి సుమారు మూడు వేల మిల్లీమీటర్ల వాన, అంటే విశాఖకు దాదాపు మూడింతలు. మే నుంచి నైరుతి, అక్టోబరు నుంచి ఈశాన్యం. గాల్లో ఉప్పు సరేసరి. తేమ నూటికి డెబ్భై ఐదు దాటితే ఉప్పు తానే నీళ్లు పీల్చి కరగడం మొదలెడుతుంది. పనిముట్టు మీద కంటికి కనబడని ఉప్పు పొర ఉంటే ఇనుము రాత్రంతా ఉప్పునీళ్లలో నానినట్టే. కాబట్టి గోడంతా పనిముట్లు తగిలించి అందం చూసుకోవడం ఇక్కడ కుదరదు. సుత్తి, పట్టకారు గోడకుంటే ఉండొచ్చు. ఉలులు, చిత్రిక పలకలు, డ్రిల్లు బిట్లు నూనెగుడ్డతో తుడిచి, మూత బిగుతుగా ఉన్న డబ్బాలోకి పోవాలి. కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాల్ని దాచి అందులో వేస్తారు తెలివైనవాళ్లు.

ఇంతవరకూ చెప్పినవన్నీ చేసినా షెడ్డు నిండే ఉంటుంది. ఎందుకంటే చోటు మింగేది పనిముట్లు కావు.

మొదటి దోషి కర్రముక్క. అండమాన్ పడౌక్ మన ఎర్రచందనానికి, వేగిసకు దాయాది. వానలకు ఉబ్బదు, వేసవికి పెద్దగా ముడుచుకోదు, పాలిష్ పడితే ఎర్రగా మెరుస్తుంది. దాని రంపపు పొట్టు కూడా ఎరుపే; షెడ్డు పక్కన దండెం ఉన్న ఇళ్లల్లో తెల్లచొక్కాలకు ఎక్కువ ఆయుష్షు ఉండదు. 1883లో మొదలైన చాథం రంపపు మిల్లు ఈ కర్రను కోస్తూనే ప్రపంచానికి పరిచయమైంది. 2002లో సుప్రీంకోర్టు ఉత్తర్వుల తర్వాత అడవి కొట్టడం మీద గట్టి ఆంక్షలొచ్చాయి, కర్ర అపురూపమైంది. దాంతో జానెడు పడౌక్ ముక్క కూడా వారసత్వపు ఆస్తి. రేకుల కింద దూలాల మీద, మంచం కింద, అటక మీద, దేవుడి మందిరం చేయిస్తానని భార్యకిచ్చిన మాటకు సాక్ష్యంగా అవి అలా పోగవుతూనే ఉంటాయి.

రెండో దోషి దూరం. విశాఖ నుంచి సముద్రం మీద సుమారు 1,200 కిలోమీటర్లు, చెన్నై నుంచీ ఇంచుమించు అంతే. అబర్దీన్ బజారులో హార్డ్‌వేరు దుకాణాలున్నాయి, కావలసినవి చాలావరకు దొరుకుతాయి. దొరకని ఆ ఒక్క బేరింగు మాత్రం ఓడలో రావాలి, ఓడ రావాలంటే సముద్రం ఒప్పుకోవాలి. ఈ అనుభవం తిన్నవాడు ఏదీ పారేయడు. కాలిపోయిన మిక్సీ మోటారు, అరిగిన వాషర్లు, ఏ తాళానిదో తెలియని చెవి, ఏనాడో అమ్మేసిన స్కూటరు కార్బురేటరు, అన్నీ 'రేపు పనికొస్తాయి' శాఖలో జమ. హైదరాబాదు గృహస్థు సందు చివర దుకాణాన్ని నమ్ముకుంటాడు. దీవి గృహస్థుకు దుకాణం తన షెడ్డులోనే పెట్టుకోక తప్పదు. టెక్సాస్ వీడియో ఎన్ని అరలు బిగించమన్నా ఈ జబ్బుకు మందు కాదు.

మందు ఎప్పట్నుంచో వీధిలోనే ఉంది. ఒకింట డ్రిల్లు మిషను, ఎదురింట గ్రైండరు, మలుపులో ఇంట వెల్డింగు సెట్టు, డింగీ ఉన్నవాళ్లింట పెద్ద పానాలు. "బావా, డ్రిల్లు మిషనోపాలిస్తావేటి?" అనడమే ఆ దుకాణంలో బిల్లు. ఎవరి దగ్గర ఏముందో ఒక కాగితం మీద రాసుకుని, పాత మోటార్లనూ బేరింగులనూ ఏదో ఒకే షెడ్డుకు అప్పగిస్తే, పది ఇళ్లల్లో పది గ్రైండర్లు కాపురముండక్కర్లేదు. మిగతా తొమ్మిది షెడ్లలో స్కూటరు వానకు తడవకుండా నిలబడుతుంది. ఆరడుగుల షెడ్డుకు అంతకన్నా గొప్ప నమూనా అమెరికాలోనూ లేదు.

ఈ పద్ధతికి ఉన్న లోపం ఒకటే: పోయిన వస్తువు తిరిగి రాకపోవడం. అందుకని దీవుల్లోని పాఠకులకు, ఆ మాటకొస్తే ఎక్కడి పాఠకులకైనా ఒక మనవి. వచ్చే ఆదివారం షెడ్డు సర్దుదామని ప్లైవుడ్డు కొనే ముందు, పక్కింటి నుంచి తెచ్చుకున్నవన్నీ ఏరి తిరిగి ఇచ్చేయండి. చాలా షెడ్లలో కావలసిన చోటు దాంతోనే దొరుకుతుంది. డ్రిల్లు మిషనుతోపాటు బిట్లు కూడా ఇవ్వాలి సుమా.