పాయింట్ల పుణ్యం

ఒడిశాలోని బోరిగుమ్మలో తెలుగు షావుకారి ఇంట్లో కొత్త శాస్త్రం ప్రవేశించింది. హైదరాబాదులో ఉద్యోగం చేసే కొడుకు పండక్కి వచ్చి, లోహపు క్రెడిట్ కార్డు తీసి బల్లమీద ఠంగుమనిపించాడు. "నాన్నా, ఇకమీదట ఇంటిల్లిపాది ఖర్చూ దీనిమీదే. పాయింట్లొస్తాయి. వాటిని సింగపూర్ ఎయిర్‌లైన్స్ క్రిస్‌ఫ్లయర్ మైళ్లలోకి మార్చుకుంటే బిజినెస్ క్లాసులో పడుకుని వెళ్లొచ్చు. ఫ్రీ!"

ఫ్రీ అన్న మాట వినగానే షావుకారి చెయ్యి గల్లాపెట్టె మీదికి పోయింది. "మరి డబ్బులెవులిస్తార్రా?"

ఇంకెవరు, దుకాణదారే. కార్డు గీకినప్పుడల్లా అమ్మినవాడి ఖాతాలో నూటికి రమారమి రెండు రూపాయలు కోతపడుతుంది. అందులో ఓ ముక్కే మనవాడి పాయింటు. యూపీఐకి 2020 నుంచి ఆ కోత లేదు గనక బోరిగుమ్మ బజార్లో అందరూ క్యూఆర్ అట్ట వేలాడదీశారు గాని స్వైపింగ్ మిషను జోలికి పోలేదు. అయినా కుర్రాడు తగ్గలేదు. మేనమామకు విశాఖలో ఆపరేషనైతే బిల్లు కౌంటరు దగ్గర అందరికంటే ముందు నిలబడ్డాడు. బంధుప్రీతి అనుకున్నారు.

ఈ పాయింట్ల భక్తులకో స్థలపురాణం కూడా ఉంది. 1999లో అమెరికాలో డేవిడ్ ఫిలిప్స్ అనే ఇంజనీరు పుడ్డింగు కప్పులు 12,150 కొని, వాటి లేబుళ్లతో పన్నెండు లక్షల పైచిలుకు మైళ్లు సంపాదించాడు. "అంత పుడ్డింగూ ఎవులు తిన్నార్రా?" అంది తల్లి. ధర్మసంస్థకు దానమిచ్చాడు, లేబుళ్లు ఊడదీసిపెట్టే షరతుమీద.

మన బ్యాంకులు అంత అమాయకమైనవి కావు. యాక్సిస్ మాగ్నస్ కార్డుకు 5 పాయింట్లిస్తే 4 మైళ్లు వచ్చేవి. 2023 సెప్టెంబరు 1 నుంచి 2 అన్నారు. ఏడాది రుసుము మాత్రం 10,000 నుంచి 12,500 అయింది. షావుకారు ఇదే పని తూకంలో చేస్తే తూనికలవాళ్లొచ్చి తక్కెడ పట్టుకుపోతారు. బ్యాంకు చేస్తే దాని పేరు నిబంధనల సవరణ.

ఇంతకీ ఆ పడకసీటు దాకా చేరడమెలా? జయపురం నుంచి ఉడాన్ పథకం కింద 2022లో మొదలైన ఇండియావన్ ఎయిర్ సెస్నాలో ఉన్నవే 9 సీట్లు. అందులో బిజినెస్ క్లాసంటే పైలటు పక్కన కూర్చోవడమే. లేదా బస్సెక్కి, సుంకి ఘాటు మలుపుల్లో కడుపు చేత్తో పట్టుకుని సాలూరు దిగి విశాఖ చేరాలి.

చివరికి సీటు దొరికింది. ఒక్కటే, అదీ మొక్కజొన్న కొనుగోళ్లు జోరుమీదున్న వారంలో. పన్నులూ విమానాశ్రయ రుసుములూ పాయింట్లతో తీరవు, రొక్కం కట్టాలి. షావుకారు నోట్లు లెక్కపెట్టి ఇచ్చాడు. కుర్రాడు వాటిని జేబులో పెట్టుకుని, కార్డు గీకాడు.