రెండువందల ఒకటో యూనిట్

మా మామగారు రిటైరయ్యాక పూజగదిలో కన్నా మెట్లకింద ఎక్కువసేపు గడుపుతున్నారు. మీటర్లుండేది అక్కడే. పొద్దున్నే కాఫీ కూడా తాగకుండా వెళ్లి, అంకె చూసి, అందులోంచి పోయిన నెల రీడింగు తీసేసి, లోపలికొచ్చి ప్రకటిస్తారు: "నూట డెబ్భై నాలుగు. ఇంకా తొమ్మిది రోజులుంది." ఐసీయూలోంచి డాక్టరు బయటికొచ్చి చెప్పినట్టే ఉంటుంది ఆ గొంతు.

ఆయన భయమంతా 201వ యూనిట్ గురించే. మన తెలంగాణలో నెలకి సరిగ్గా 200 యూనిట్లు కాలిస్తే మొదటి వందకి 3.40, రెండో వందకి 4.80 చొప్పున 820 రూపాయలు. ఇంకొక్కటి కాలిందా, స్లాబే మారిపోతుంది. మొదటి 200 యూనిట్లనీ వెనక్కి పిలిచి 5.10 చొప్పున లెక్కగడతారు, ఆ పైదానికి 7.70. మొత్తం 1,027 రూపాయల 70 పైసలు. అంటే ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయల 70 పైసలన్నమాట! 2022 ఏప్రిల్‌లో రేట్లు పెంచినప్పుడు "యూనిట్‌కి అర్ధరూపాయేగా" అన్నది కూడా మామగారే. ఇవి కాక ఫిక్స్‌డ్ ఛార్జీ, కస్టమర్ ఛార్జీ. కస్టమర్ అయినందుకు ఛార్జీ వేయొచ్చన్న ఆలోచన మా కిరాణాకొట్టాయనకి ఇంకా రాలేదు. దయచేసి ఎవరూ చెప్పకండి.

కింది వాటా వాళ్లది ఇంకా సున్నితమైన పరిస్థితి. వాళ్లకి గృహజ్యోతి ఉంది. 2024 మార్చి నుంచి 200 లోపైతే జీరో బిల్లు, దాటితే ఆ నెల మొత్తం కట్టాల్సిందే. అందుకని నెలాఖరున ఏ చుట్టమైనా వస్తానంటే, "రీడింగు తీశాక రా పిన్నీ, తీరిగ్గా ఉందువుగాని" అని ఫోన్లోనే చెప్పేస్తారు. ఆ ఫోను ఛార్జింగుకి మాత్రం పిల్లాణ్ణి మా ఇంటికి పంపిస్తారు.

అత్తగారి పొదుపు వేరు. ఏ గదిలోంచి బయటికొచ్చినా టక్కున బల్బు ఆర్పేస్తారు. తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ అది, 111 గంటలు వెలిగితే గానీ ఒక యూనిట్ కాదు. దాన్ని ఆర్పేసి, నడివేసవిలోనూ వేడినీళ్లేనంటూ గీజరు వేస్తారు. రెండువేల వాట్లది, అరగంటలో యూనిట్ మింగేస్తుంది. ఈ లెక్క ఆవిడకి చెప్పే ధైర్యం మా ఆయనకి లేదు, నాకసలే లేదు. మామగారు ఒకసారి చెప్పారు. ఆ పూట ఆయనకి కాఫీ రాలేదు.

నిజంగా బిల్లు తగ్గింది ఫ్యాన్లు మార్చాకే. పాతవి 75 వాట్లవి, ఇప్పటి బీఎల్‌డీసీలు ముప్ఫై అటూ ఇటూ. రోజుకి పన్నెండు గంటలు తిరిగితే ఒక్కో ఫ్యానుకి నెలకి 27 యూనిట్లు పోయేచోట 11తో సరిపోతుంది. నాలుగు ఫ్యాన్లకి అరవై పైచిలుకు యూనిట్లు మిగిలాయి. ఎటొచ్చీ వాటికీ రిమోట్లుంటాయి. సీరియల్లో ఏడుపు సరిగ్గా వినబడట్లేదని అత్తగారు ఏదో ఒక రిమోట్ నొక్కుతారు. మామగారి చేతిలోని పేపరు ఎగిరి వంటింట్లో పడుతుంది.

ఇక సోలార్ పెట్టిద్దామన్నారు మా ఆయన. పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకి 78,000 రూపాయల దాకా సబ్సిడీ ఉంది. కాకపోతే డాబా ఓనరుగారిది. వెళ్లి అడిగాం. ఆయన ఎంతో సంతోషించారు. "తప్పకుండా పెట్టించుకోండమ్మా, మంచి పని. డాబా మీది ఎండకి అద్దె ఎంతన్నది తర్వాత మాట్లాడుకుందాం" అన్నారు.