సమానత్వం మీటరెంత, సేటూ?

మే నెల రాగానే చెన్నైలో సమానత్వం టోకున అమ్ముతారు. సౌకార్‌పేట నుంచి నాలుగడుగులు వేస్తే గొడౌన్ స్ట్రీట్. అక్కడ తానులు తానులుగా దొరుకుతుంది. నేవీ బ్లూ సమానత్వం, మెరూన్ సమానత్వం, గళ్ళ సమానత్వం. మొదటి ఉతుక్కే రంగు దిగేది ఒక ధర, దిగనిది ఇంకో ధర. సమానత్వం కదా అని అన్నీ ఒకే రేటుకిచ్చేస్తే సేటు కొట్టు మూసుకోవాల్సిందే.

బడివాళ్ళ లెక్క వేరు. గుడ్డ కొట్టు దాటి బడికి చేరేలోగా జేబు మీద ఒక ముద్ర పడుతుంది. గుడ్డ వెలకన్నా ఆ ముద్రకే వెల ఎక్కువ. పుస్తకాలూ యూనిఫారాలూ అమ్ముకునే వ్యాపారం మానండయ్యా అని సీబీఎస్ఈ 2017లో బడులకు చెప్పింది. మానారు కూడా. ఇప్పుడు బడి అమ్మదు, బడి చూపించిన ఒకే ఒక్క కొట్టు అమ్ముతుంది.

అయినా ఈ విద్యలో మనమింకా ఎల్‌కేజీలోనే ఉన్నాం. టోక్యోలో గింజా అనే ఖరీదైన పేట ఉంది. అక్కడి తైమెయ్ అనే సర్కారు ప్రాథమిక పాఠశాల 2018లో అర్మానీ కంపెనీ చేత యూనిఫారం తయారు చేయించుకుంది. పూర్తి సెట్టు 80,000 యెన్లు దాటింది. అర్మానీ తొడుక్కున్న పిల్లలంతా సమానులే. కొనలేనివాళ్ళు ఆ లెక్కలోకి రారు, అంతే.

యూనిఫారం తొడిగితే పేదాగొప్పా తేడా మాసిపోతుందని, పిల్లలు ఒకరినొకరు ఏడిపించుకోవడం మానేస్తారని ప్రతి బడి వార్షికోత్సవంలోనూ ముఖ్య అతిథిగారు సెలవిస్తారు. అందరూ చప్పట్లు కొడతారు. వారి అబ్బాయి చదివే బడి వేరు. ఆ బడి యూనిఫారం రంగూ వేరు.

నమ్మకం కుదరకపోతే పొద్దున్నే సౌకార్‌పేట మింట్ స్ట్రీట్‌లో ఓ పక్కగా నిలబడండి. టై బిగించుకుని వ్యాను ఎక్కే రంగు ఒకటి, కార్పొరేషన్ బడికి నడిచిపోయే రంగు ఒకటి. మధ్యలో ఆటోలో ఎనిమిదిమంది కుక్కుకుని పోయే రంగు మరొకటి. మీన్‌బాడీ అనే మూడు చక్రాల సరుకుల బండి తొక్కే కూలీ కొడుకెవడో, నగల కొట్టు సేటు మనవడెవడో అడ్రసు అడగకుండా చెప్పేయొచ్చు. మామూలు బట్టల్లో ఉంటే కాస్త ఊహించాల్సి వచ్చేది. యూనిఫారం ఆ శ్రమ తప్పించింది. తండ్రి ఎంత ఫీజు కట్టగలడో కొడుకు జేబు మీదే కుట్టి ఉంది.

ఒకే బడిలోపల మాత్రం అంతా ఒకటేగా అంటారా? చొక్కా ఒకటే. చొక్కాకు కింద బూట్లున్నాయి, వెనక సంచీ ఉంది, చేతికి వాచీ ఉంది, డబ్బాలో కూర ఉంది, అన్నిటికీ మించి నోట్లో యాస ఉంది. ఈ ఊళ్ళో తెలుగు పిల్లాణ్ణి ‘గొల్టి’ అని పిలవడానికి చొక్కా రంగు ఏనాడూ అడ్డు రాలేదు. మనవాళ్ళూ తక్కువేం తినలేదు, పక్క బెంచీ మార్వాడీ పిల్లాడికి పేరున్నా వాడు మనకు ‘సేటు’ గానే మిగిలిపోయాడు.

పైగా చొక్కాలు కలిసిపోతే పెద్దలకు దిక్కు తోచదు. 2012లో బెంగళూరులో ఒక ప్రైవేటు బడి మీద వచ్చిన ఆరోపణ గుర్తుందా? విద్యా హక్కు చట్టం కింద చేరిన పేద పిల్లల్ని గుర్తుపట్టడానికి వాళ్ళ జుట్టు కత్తిరించారని తల్లిదండ్రులు గోల పెట్టారు. బడి కాదంది. నిజమెవరి పక్షాన ఉన్నా, యూనిఫారం సంగతి బాగా తెలిసినవాడికే అలాంటి అనుమానం వస్తుంది.

ఇక తమిళనాడు దక్షిణ జిల్లాల్లో చొక్కా చేసే పనిని మణికట్టు దారం చేస్తోంది. కులానికో రంగు. 2019లో ఆ దారాలు వద్దంటూ పాఠశాల విద్యాశాఖ డైరెక్టరు ఉత్తర్వు పంపితే, అది తనకు తెలియకుండా వెళ్ళిందని మంత్రిగారే అన్నారు. పాత పద్ధతే సాగుతుందన్నారు. సాగింది. 2023 ఆగస్టులో తిరునెల్వేలి జిల్లా నాంగునేరిలో ఒక దళిత విద్యార్థిని, అడ్డుపడిన అతని చెల్లెల్ని ఇంట్లో దూరి కొడవళ్ళతో నరికారు. వేధిస్తున్నారని బడిలో చెప్పుకోవడమే అతను చేసిన నేరం. నరికింది తోటి విద్యార్థులే. రోజూ అదే యూనిఫారంలో అదే బడికి వెళ్ళినవాళ్ళు.

అమెరికా కూడా ఈ మందు మింగి చూసింది. ఖరీదైన జాకెట్ల కోసం పిల్లలు ఒకరినొకరు చంపుకోకుండా ఆపగలిగితే యూనిఫారం పెట్టండని 1996లో అధ్యక్షుడు క్లింటన్ స్వయంగా చెప్పాడు. రెండేళ్ళకే బ్రన్స్‌మా, రాక్‌మోర్ అనే పరిశోధకులు లెక్క తీసి, ప్రవర్తనలో చెప్పుకోదగ్గ మార్పేమీ లేదన్నారు. ఆ లెక్క గురించి వార్షికోత్సవాల్లో ఎవరూ మాట్లాడరు. మైకు టైము చాలదు.

అసలు తేడా గుడ్డలో లేదు, గేటు దగ్గరుంది. ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లు పేద పిల్లలకివ్వాలని 2009 నాటి విద్యా హక్కు చట్టం చెప్పింది. మైనారిటీ బడులకు ఆ చట్టం వర్తించదని 2014లో సుప్రీంకోర్టు ప్రమతి కేసులో తీర్పు చెప్పింది. భాషా మైనారిటీ, మత మైనారిటీ సంస్థలు బారులు తీరిన సౌకార్‌పేటలో దీని అర్థం వేరే చెప్పాలా? వీటిలో మన తెలుగువాళ్ళవీ ఉన్నాయి. హక్కులు అడిగేటప్పుడు మైనారిటీలం, పక్క సందు కూలీ కూతురికి సీటివ్వాల్సి వస్తే మహా మైనారిటీలం. ఆ తీర్పు సరైనదేనా అని 2025 సెప్టెంబరులో ఇద్దరు న్యాయమూర్తుల బెంచి సందేహపడింది, పెద్ద బెంచి తేల్చాలంది. అది తేలేలోగా లోపలున్న పిల్లలంతా ఒకే రంగులో సమానంగా కూర్చుంటారు.

యూనిఫారాన్ని తగలబెట్టమనడం లేదు. ఎంజీఆర్ ప్రభుత్వం 1985లో పేద పిల్లలకు ఉచిత యూనిఫారం పథకం తెచ్చినప్పుడు ఒంటి మీద గుడ్డ లేని పిల్లకు గుడ్డ వచ్చింది. అది నిజమైన మేలు. ఆ మేలు పేరు గుడ్డ. దానికి సమానత్వమని పేరు పెట్టి గుడ్డతోనే చేతులు దులుపుకున్నవాళ్ళతోనే నాకు పేచీ.

నాంగునేరి తర్వాత వేసిన జస్టిస్ చంద్రు కమిటీ 2024 జూన్‌లో నివేదిక ఇచ్చింది. కుల దారాలు తీయించమంది, బడుల పేర్లలో కులం తీసేయమంది, పిల్లల్ని అక్షర క్రమంలో కూర్చోబెట్టమంది. చివరి దానికి మీటరు గుడ్డ కూడా అక్కర్లేదు. హాజరు పట్టీ చాలు. జూన్‌లో తల్లిదండ్రుల మీటింగుకు వెళ్తారు కదా. కొత్త టై ఏ రంగని మాత్రమే అడిగి వచ్చేయకండి. మా పిల్ల పక్కన ఎవరు కూర్చుంటారు, ఎవరు నిర్ణయిస్తారు, గేటు బయటే ఆగిపోయినవాళ్ళు ఎంతమంది అని కూడా అడగండి.