గాలివాన గారు ఎండ గారికి చార్జి అప్పగించిన విధంబు

ఉద్యోగుల బదిలీలు ఎప్పుడు జరుగుతాయో ప్రభుత్వానికే తెలియదు గానీ, ఆకాశంలో బదిలీలు మాత్రం ఏటా జరిగిపోతాయి. ఏప్రిల్లో వచ్చి మామిడికాయలు రాల్చి, ధాన్యం తడిపి, నాలుగు పిడుగులు వేసిన గాలివాన గారు మే నెలలో రిలీవ్ అవుతారు. ఆ కుర్చీలో ఎండ గారు జాయిన్ అవుతారు. ఒక సాయంత్రం మన ఫోనుకి “పిడుగులు పడే అవకాశం, చెట్ల కింద నిలబడకండి” అని వస్తుంది. తెల్లారి అదే నంబరు నుంచి “తీవ్ర వడగాలులు, నీడ పట్టున ఉండండి” అని వస్తుంది. చెట్టు కిందికి వెళ్లాలో వద్దో తేల్చుకోవాలంటే ముందు మెసేజ్ తేదీ చూసుకోవాలి.

ఈ అప్పగింత తతంగం ఎలా జరిగి ఉంటుందంటే...

“రండి సార్, మీ కోసమే చూస్తున్నా. ఇంత ఆలస్యమా?” అన్నారు గాలివాన గారు.

“నేనెప్పుడో వచ్చాను. వచ్చినట్టు ఒప్పుకుంటే కదా!” అన్నారు ఎండ గారు. “మీకేం, నాలుగు చినుకులు రాలితే హాజరు పడిపోతుంది. నేనైతే మైదానంలో 40 డిగ్రీలు దాటాలి. మామూలు కన్నా నాలుగున్నర డిగ్రీలు ఎక్కువుండాలి. లేదంటే ఏకంగా 45 కొట్టాలి. అదీ ఒక్కచోట చాలదు, కనీసం రెండు కేంద్రాల్లో, వరసగా రెండు రోజులు. రెండో రోజు గానీ వడగాలి అని రాసుకోరు. కోస్తాలో దయతలిచి 37 అన్నారు. మచిలీపట్నంలో 36 కొట్టి, దానికి సముద్రపు తేమ కలిపి, జనాన్ని చెమటలో నానబెట్టినా లెక్కలోకి రాను. ‘కాస్త ఉక్కపోతగా ఉంది’ అని సరిపెడతారు.”

“అయ్యో!”

“ఇంకా వినండి. నన్ను కొలిచేది ఎక్కడనుకున్నారు? నేలకి నాలుగడుగుల ఎత్తున, తెల్లరంగు వేసిన చెక్కపెట్టెలో, గాలి ఆడేలా, ఎండ పడకుండా. నా అసలు ప్రతాపం తారు రోడ్డు మీదా, రేకుల షెడ్డులోనూ ఉంటే, పేపర్లో వేసేది ఆ పెట్టెలో అంకె.”

“అంటే గవర్నమెంటు వారి నీడ గ్యారంటీగా దక్కింది ఆ థర్మామీటరుకేనన్నమాట. సరే, ముందు ఫైళ్లు చూసుకోండి” అంటూ గాలివాన గారు మొదటి కట్ట విప్పారు.

“ఇది ధాన్యం. వాన వస్తుందని కొనుగోలు కేంద్రాలకు ముందే కబురు వెళ్లింది. నేను వచ్చాకే బరకాలు బయల్దేరాయి. నేను వెళ్లాక చేరాయి. ఈలోగా రాశులు తడిశాయి. తేమ 17 శాతం దాటిందని కొనలేదు. మీరొచ్చి ఆరబెడతారని చెప్పి ఉంచాం.”

“ఆరబెడతాను, అభ్యంతరం లేదు. కానీ నా వేడికి గింజ లోలోపల చిట్లుతుంది. మిల్లులో పడితే నూక ఎక్కువొస్తుంది. మిల్లరు ఊరుకోడు.”

“తెలుసు సార్. నేనుంటే తేమ అని కోస్తారు, మీరుంటే నూక అని కోస్తారు. రైతుకి ధర తగ్గించడానికి ఈ కుర్చీలో ఎవరున్నా ఒకటే.”

రెండో ఫైలు చెట్లది. “గాలికి తీగల మీద పడతాయని కొమ్మలు కొట్టించారు. పనిలో పనిగా మొదలు దాకా కొట్టారు. ‘అడ్డంకి తొలగించడమైనది’ అని నోట్ కూడా ఉంది చూడండి.”

“మరి నా పేరుతో వచ్చిన సర్క్యులర్లో చెట్ల నీడన సేద తీరండి అని ఉందే?”

“అది వేరే సెక్షన్. వాళ్లకీ వీళ్లకీ మాటల్లేవు.”

“కరెంటు సంగతి?”

“నా హయాంలో తీగలు తెగి పోయేది.”

“నా హయాంలో లోడు ఎక్కువై పోతుంది.”

“కారణాలు మారినా వినియోగదారులకు అందే సేవలో ఏ మార్పూ ఉండదు” అని ఇద్దరూ సంతకం పెట్టారు.

“ఇక సిగ్నళ్ల దగ్గర బైకుల వాళ్లకి నీడనిచ్చే పచ్చవల. మీ కోసమని కట్టారు. పోతూ పోతూ నేను చించేశాను, ఏమనుకోకండి. పక్కనే నాయకుడి ఫ్లెక్సీ కూడా చిరిగింది గానీ, దాన్ని తెల్లారేసరికి కొత్తది చేశారు. వల టెండరు దశలో ఉంది. అదిగో ఆ చలివేంద్రం కూడా మీదే. ప్రారంభోత్సవం నాడు మజ్జిగ పోశారు, ఫొటోలు దిగారు. ఇప్పుడు కుండ ఉంది.”

“నీళ్లు?”

“అప్పగింత జాబితాలో కుండ వరకే ఉంది సార్.”

చివరి ఫైలు తెరవగానే ఎండ గారి ముఖం మాడిపోయింది. అది కేంద్రం వారి విపత్తుల జాబితా. ఏళ్ల తరబడి అందులో ఉన్నవి పన్నెండు పేర్లు. తుఫాను, వరద, కరువు, భూకంపం, వడగళ్లు, ఆఖరికి చలిగాలి, మంచుచరియలు కూడా ఉన్నాయి. 2025 నాటికి కూడా వడగాలి లేదు. రెంటచింతలలో మంచుచరియ విరిగిపడితే కేంద్రం సాయానికి రూలు సిద్ధంగా ఉంది. అక్కడ ఏటా కాసే ఎండకి మాత్రం, రాష్ట్రాలే తమ జాబితాలో చేర్చుకుని, తమకున్న కొద్దిపాటి వెసులుబాటులోంచి ఇచ్చుకోవాల్సి వచ్చేది. తెలంగాణ 2025 ఏప్రిల్లో అలాగే రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, మృతుల కుటుంబానికి 4 లక్షలు ఇస్తామంది.

“విపత్తు కాదనడానికి నేనేం తక్కువ చేశాను?” అన్నారు ఎండ గారు. “2003లో ఉమ్మడి రాష్ట్రంలో వెయ్యికి పైగా ప్రాణాలు పోయాయి. ఆ మే నెలలో బంగాళాఖాతంలో పుట్టిన తుఫాను మయన్మార్ వైపు వెళుతూ ఇక్కడి తేమంతా లాక్కుపోయింది. ‘హమ్మయ్య, తుఫాను మనకి తప్పింది’ అనుకున్నారు, వెనకాల నేనున్నానని చూసుకోలేదు. 2015లో దేశం మొత్తం మీద రెండు వేలు దాటిన మృతుల్లో ఎక్కువమంది రెండు తెలుగు రాష్ట్రాల వాళ్లే.”

“చిక్కేమిటంటే సార్, నా చేతిలో పోయినవాడికి విరిగిన చెట్టో, కూలిన గోడో సాక్ష్యం ఉంటుంది.”

“నాకదే లేదు. మధ్యాహ్నం దాకా పనిచేసి ఇంటికొచ్చి పడుకున్నాడు, లేవలేదు. గుండె ఆగిందంటారు. ఆగని గుండెతో పోయినవాడెవడు? వడదెబ్బేనని తేల్చాలంటే తహసీల్దారు, ఎస్సై, డాక్టరు, ముగ్గురూ కూర్చుని ఒప్పుకోవాలి. ఆ ముగ్గురికీ తీరిక కుదిరేసరికి నైరుతి రుతుపవనాలు దిగుతాయి.”

ఈ సంభాషణలో పాపం వాతావరణ శాఖ ప్రస్తావన రాలేదు, ఎందుకంటే ఆ శాఖ తన పని చేసింది. ఒకప్పుడు ‘వాన కురవవచ్చు, కురవకపోవచ్చు’ అంటుందని దాన్ని వేళాకోళం చేసి మనం బోలెడు కాలమ్‌లు నింపాం. ఇప్పుడు వడగాలి సంగతి నాలుగైదు రోజుల ముందే చెబుతోంది. ఏ మండలంలో మామూలు వడగాలో, ఏ మండలంలో తీవ్రమో విపత్తుల సంస్థ పేర్లతో సహా జాబితా ఇస్తోంది. నాలుగు రోజులంటే తక్కువ వ్యవధి కాదు. రాశులకు బరకాలు కప్పొచ్చు, పని వేళలు మార్పించొచ్చు, కుండలో నీళ్లు పోయించొచ్చు.

వాళ్లిచ్చే రంగులకీ అర్థాలున్నాయి. పసుపు అంటే గమనిస్తూ ఉండమని, నారింజ అంటే సిద్ధంగా ఉండమని, ఎరుపు అంటే చర్య తీసుకోమని. ఎవరిని? చర్య తీసుకోగలిగిన వాళ్లని. మన ఆఫీసుల్లో ఆ ఎరుపుని ఎంత లాఘవంగా వాడతారంటే, తమకొచ్చిన హెచ్చరికని అందిన క్షణంలోనే జనానికి ఫార్వర్డ్ చేసి చేతులు దులుపుకుంటారు. ‘11 నుంచి 4 దాకా బయటికి రాకండి’ అన్న సలహా ఏసీ గదిలోంచి బయల్దేరి డెలివరీ కుర్రాడి ఫోనులో మోగుతుంది, సరిగ్గా అతను మధ్యాహ్నం రెండింటికి మూడో అంతస్తు మెట్లెక్కుతుండగా. ఆ పార్సిల్ తెప్పించుకున్నాయనకి కూడా అదే మెసేజ్ వచ్చింది. ఆయన బుద్ధిగా పాటించాడు, అందుకే ఆర్డర్ పెట్టాడు.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలన్నారు. ఇళ్లల్లో రోళ్లు లేవు కాబట్టి ఆ నష్టం నివారించినట్టు ఈ ఏడాది నివేదికలో రాసుకోవచ్చు.

అప్పగింత పత్రం మీద ఇద్దరూ సంతకాలు చేశారు. ఫైళ్లన్నీ ‘యథాతథంగా’ స్వీకరించినట్టు ఎండ గారు రాసిచ్చారు. పత్రం అడుగున ఇలా ఉంది:

ప్రతులు:
జిల్లా అధికారులకు, సమాచారం నిమిత్తం.
మండల అధికారులకు, సమాచారం నిమిత్తం.
పత్రికలకూ టీవీలకూ, ‘భానుడి భగభగ’ నిమిత్తం.
రైతుకూ, కూలీకీ, డెలివరీ కుర్రాడికీ, తక్షణమే తగు చర్య తీసుకుని నివేదిక సమర్పించవలసిందిగా.